నళినీకాంత్ నంబర్లు

జనగామ
12 జూన్ 1972

సుగుణకు, సఫియా కోపంగ రాసేది.

నీ పెండ్లయి ఏడాది దాటె. నేను నాలుగు ఉత్తరాలు రాస్తే నువ్వు ఒక్క కార్డు ముక్క పడేస్తివి. గూడూరు పటేలింటి కోడలివైనంక టాకీసు ఆపరేటర్ బిడ్డ నీకెందుకు యాదికుంటది తియ్యి.

అయినా రాయక తప్పుతలేదు. గూఢచారి నళినీకాంత్ నాలుగో సినిమా వచ్చింది. మంచుకొండల మీద తీసిండ్రు. ఈసారి ఆయనకు గడ్డం పెట్టిండ్రు, నాకైతే మేకపోతు లెక్క కనబడ్డడు. మూడుసార్లు చూడందే నంబర్ ఇయ్యద్దని మనం పెట్టుకున్న రూలు ఉన్నదాయె, అందుకని మేకపోతునే మూడుసార్లు చూసిన. నా లెక్కల పడవ సినిమా ఫస్టు, రైలు సినిమా సెకండు, గీ మంచుకొండ సినిమా మూడు. మొట్టమొదటి కోట సినిమా అన్నిటికన్న ఆఖరు. నువ్వు ఎట్లైనా రైలు సినిమానే ఫస్టు అంటవ్, నాకెర్కనే.

ఎనిమిదో తరగతిల మొదలు పెట్టినమే గీ నంబర్లు. అరవై తొమ్మిదిల తెలంగాణ లొల్లికి బళ్లు బందైతే, మా అబ్బ మనిద్దర్ని టాకీసు మిషన్ రూముల స్టూళ్ల మీద కూసోబెట్టి పాత మూడు సినిమాలు మల్ల మల్ల చూపిచ్చె. నువ్వు, నేను, మా రహ్మాన్ అన్న, ముగ్గురం నంబర్ల కోసం ఎంత కొట్లాడేటోళ్లం. నువ్వు మీ ఊరికి పోయినంక నాతోని కొట్లాడేటోళ్లు లేక నోరు చప్పగైంది.

అన్నకు కొలువు దొరికింది. వరంగల్ల సినిమా డిస్ట్రిబ్యూటర్ కాడ రెప్రజెంటేటివ్. రీళ్ల డబ్బాల ఎంబడి ఊరూరు పోవాలె, గేటు కాడ నిలబడి ఎంతమంది లోపటికి పోతున్నరో చూస్కోవాలె. ఊరేగింపు తొక్కిసలాటల పగిలిన తల చలికాలం ఇప్పటికి నొస్తది అంటడు, గని తిరుగుడు మానడు. వచ్చే శుక్రవారం మానుకోటకు డబ్బ తెచ్చేది ఆయనే. గూడూరు నుంచి మానుకోట ఎంత దూరం, మీ ఆయనను ఎంబడి పెట్టుకొని పోయి చూడు. చూసి నంబర్ రాయి. అన్నకు తెలుగు చదువ రాదు గద, ఉర్దూ బడి చదువాయె, నీ నంబర్ నేనే ఆయనకు చెప్త.

సఫియా


గూడూరు
9 జులై 1972

సఫియా,

తప్పు నాదే. తిట్టినవు, తిన్న.

మంచుకొండ సినిమా చూసిన. మూడుసార్లు చూసిన. లేడీస్ క్లాసుల రెండో వరుసల కూసున్న. మంచుల జారే పాట మస్తున్నది, రెండో చరణమైతే నోటికొచ్చింది. ఆ సైంటిస్టు ముసలాయనను ఎత్తుకపోయేటప్పుడు నా గుండె దడదడ కొట్టుకున్నది. ఆఖరు సంగతి రాస్త లేను, ఎర్కైన ముచ్చట నీకేం రాయాలె. నా నంబర్ మూడు. రైలు సినిమా ఫస్టే. దాన్ని కొట్టేది ఇంకా పుట్టలే.

మా ఆయన జైపాల్ మానుకోట పంచాయతి సమితి ఆఫీసుల పని చేస్తడని చెప్పిన్నా? పొద్దుగాల బస్సుకు పోయి పొద్దూకి వస్తడు. మంచిగనే చూస్కుంటడు. మాట తక్వ.

మీ అన్న తలనొప్పి సంగతి రాసినవు. అట్ల ఇడిసిపెట్టద్దు. వరంగల్ పెద్ద దవాఖానల మల్లొకసారి చూపియ్యుండ్రి. గిది మర్సిపోకు.

నీ సుగుణ


జనగామ
20 మార్చి 1975

సుగుణా,

రెండు ముచ్చట్లు. ఒకటి, నాకు పెండ్లి కుదిరింది. ఆయన పేరు షరీఫ్, భూపాలపల్లిల కట్టె డిపో లారీ నడుపుతడు. అడవి ఊరంటున్నరు, పులులున్నయని మా అమ్మీ ఇప్పటి నుంచే ఏడుస్తున్నది. నేను ఉన్నంక పులులే వేరే ఊరు చూస్కుంటయని మా అన్న అంటున్నడు. వచ్చే నెల నిఖా, నువ్వు రావాలె.

రెండోది, నళినీకాంత్ ఐదోది, కవలల సినిమా. మీ దిక్కు పోయిన నెలనే ఆడింది, చూసే ఉంటవ్. ఒక్క సంగతి అడుగుత. ఆఖరికి నళినీకాంత్ తల్లి వాని ఒళ్ల పానం ఇడిసే సీనుల నువ్వు ఏడ్సినవా లేదా? నేనైతే కొంగు తడిసేదాక ఏడ్సిన. నీ సంగతి నిజం రాయి.

సఫియా


గూడూరు
2 ఏప్రిల్ 1975

సఫియా,

నీ పెండ్లి ముచ్చట చదివి మస్తు సంబురమైంది. గని నాకు నెలలు నిండినయి, బండెక్కద్దన్నరు. కోపం చేయకు. నీకని ఒక పట్టు రుమాలు కుడుతున్న, పోస్టుల పంపుత.

కవలల సినిమా చూసిన. తల్లి పానం ఇడిసేటప్పుడు నేను ఏడ్సిన ఏడుపుకు పక్కన కూసున్న ఆమె నాకు నీళ్లిచ్చింది. గంత మంచి సీను ఏ సినిమాల లేదు. నంబర్ రెండు ఇస్తున్న. రైలు సినిమా మాత్రం ఫస్టే.

మీ అన్న పానం మంచిగున్నదా? లారీలల్ల, రైళ్లల్ల డబ్బాలు పట్టుకొని తిరుగుడు అంటే నాకు భయమైతది. పైలంగ ఉండుమను.

నీ సుగుణ


భూపాలపల్లి
5 నవంబర్ 1979

సుగుణా,

మా అన్న పెండ్లికి ఒప్పుకున్నడు. ముప్పై ఏండ్లు నిండినంక గిప్పుడు తెలివైంది. నాలుగు సంబంధాలు వెనుకకు పంపిండు. ఎందుకురా అని అమ్మీ అడిగితే నోరిప్పడు. పోయిన నెల మానుకోట నుంచి వచ్చి, ఇగ మీ ఇష్టమొచ్చినట్టు చేయుండ్రి అన్నడు. పిల్ల నర్సంపేట దిక్కు, పేరు రబియా. మంచి పిల్ల.

నళినీకాంత్ ముచ్చట మల్ల రాస్త. ఇక్కడ డేరా టాకీసుకు పాత సినిమాలే వస్తయి, మేము పాతయే మల్ల చూస్తున్నం.

సఫియా


గూడూరు
14 నవంబర్ 1979

సఫియా,

కార్డు అందింది. చాన సంతోషం. ఇద్దరు సల్లగ ఉండాలె. పెండ్లికి రాలేను. పిల్లకు జొరమొచ్చింది.

సుగుణ


గూడూరు
3 ఏప్రిల్ 1983

సఫియా,

చాన దినాలాయె రాయక. వంతెన సినిమా చూసిన. తొమ్మిదోది. శుక్రవారం మొదటి ఆటకే పోయిన, లేడీస్ గేటు కాడ గంట సేపు లైను. వంతెన మీద పాట మంచిగున్నది. ఆఖరు సీనుల అందరు చప్పట్లు కొట్టిన్రు. నంబర్ నాలుగు ఇస్తున్న. రైలు సినిమాను ఫస్టుల నుంచి తీసేదే లేదు, నువ్వు, మీ అన్న ఎంత ఒర్రినా సరే. షరీఫ్ బావకు, పిల్లలకు దీవెనలు. మీ అన్న ఎట్లున్నడు?

నీ సుగుణ


భూపాలపల్లి
21 ఏప్రిల్ 1983

సుగుణా,

గీ ఉత్తరం ఆఖరుది అనుకో.

నువ్వు వంతెన సినిమా చూడలే. శుక్రవారం మొదటి ఆటకు నువ్వు రాలే. నీ నంబర్ చెప్తుంటే మా అన్న నవ్వి, "రాలే, లేడీస్ గేటు కాడ నేనే ఉన్న" అన్నడు. గంట లైను ఎక్కడిది, ముప్పై మంది ఆడోళ్లు కూడ లేరట. అప్పుడు నేను గుచ్చి గుచ్చి అడిగిన. అడిగితే చెప్పిండు. మంచుకొండ సినిమా నుంచి ఇప్పటిదాక ఆరు సినిమాలకు, ఎప్పుడు మానుకోట డ్యూటీ పడ్డా, ప్రతి ఆటకు లేడీస్ గేటు కాడ నిలబడ్డడట. సుగుణమ్మ వచ్చిందేమోనని. నువ్వు ఒక్కనాడు కూడ రాలేదట. "నేను ఉన్నట్టు ఎర్కైతే రాదు, నన్ను చూసుడు ఇష్టం లేదేమో" అన్నడు. గంతే అన్నడు, మల్ల మాట మార్చిండు.

ఇంకొకటి విను. నాకు మొదటి నుంచే అనుమానం. నువ్వు రాసేదంత గేటు కాడ అమ్మే పాటల పుస్తకంల ఉంటది. పాటలు, సగం కథ, ఆ తర్వాత "మిగతాది వెండితెర మీద చూడుండ్రి" అని ఇడిసిపెడ్తరు చూడు, నీ ఉత్తరం కూడ అక్కడికే ఆగుతది. అందుకే కవలల సినిమాకు ఉచ్చు పెట్టిన. ఆ సినిమాల నళినీకాంత్‌కు తల్లే లేదు. పక్కామె నీళ్లిచ్చిందని రాసినవు. పెండ్లయినంక షరీఫ్, నేను ఆ ఉత్తరం చదువుకొని వారం రోజులు నవ్వుకున్నం.

ఆపరేటర్ పిల్లల తోని ఆడుకునుడు అయిపోయింది, గిప్పుడు వాళ్లను మురిపిచ్చి మాట దాటేస్తే సరిపాయె అనుకున్నవా? చూడకుంటే చూడలేదని రాస్తే ఏం పోయేది? పదకొండేండ్ల సంది అబద్ధం మీద అబద్ధం. ఇగ నంబర్లు బంద్. నిజం రాస్తెనే రాయి, లేకుంటే ఉత్తరాలు కూడ బంద్.

సఫియా


గూడూరు
30 ఏప్రిల్ 1983

సఫియా,

నీ ఉత్తరం మూడు దినాలు బియ్యం డబ్బల దాచిన. ఇయ్యాల జైపాల్ సమితి మీటింగుకు వరంగల్ పోయిండు. పిల్లలు బడికి పోయిన్రు. నిజం రాస్తున్న.

నేను ఒక్క సినిమా చూడలే. మొదటి మూడు తప్ప నళినీకాంత్‌వి ఏవి చూడలే. నళినీకాంత్‌వే కాదు, అరవై తొమ్మిది నుంచి ఏ సినిమా చూడలే. పెండ్లి కాకముందు కూడ నువ్వు టాకీసుకు పిలిస్తే ఏదో సాకు చెప్పేదాన్ని.

ఊరేగింపు తొక్కిసలాటల మీ అన్న స్టేషన్ కాడ రాయి మీద పడి తల పగిలి, వరంగల్ దవాఖానల తొమ్మిది దినాలు కండ్లు తెరువలే, యాదున్నదా? నువ్వు అక్కడనే ఉంటివి. తొమ్మిదో దినం నేను మా నాయనమ్మ ఎంబడి చిల్పూరు గుట్ట ఎక్కిన. ఆమె దేనికో మొక్కవట్టె, నేను ఆ గుట్ట మీది బుగులు వెంకన్న సామికి ఇంకోటి మొక్కిన. అందరు ఏదన్న వదిలిపెడ్తరు గద, ఒకలు వంకాయ, ఒకలు సీతాఫలం. వంకాయ వదిలిపెడితే దేవునికి ఏం లెక్క అనుకున్న. నాకు పానమసొంటిది ఏందని చూస్కుంటే మనం చూసే సినిమాలే ఉండె. రహ్మాన్‌ను బతికియ్యి సామీ, నేను సినిమా చూడ అని మొక్కిన. తెల్లారి ఆయన కండ్లు తెరిసిండు.

గడువు పెట్టలే, సఫియా. మా నాయనమ్మ మొక్కులకన్నిటికి గడువుంటది, ఏడాది, మూడేండ్లు. నాకు పదిహేడేండ్లు, గడువు పెట్టాలని ఎవరు చెప్పిన్రు? మొక్కు నోట్లకెళ్లి బయటికి వస్తే ఫలం పోతదని కూడ ఆమెనే అనేది. నువ్వు మొదటి ఉత్తరంలనే తలనొప్పి అని రాసినవు. నేను నిజం చెప్పి, ఆయనకు ఏమన్న అయితే? అందుకే అబద్ధం రాసిన. ఒకటి రాసినంక రెండోది రాయక తప్పలే.

పాటల పుస్తకాలు జైపాల్ తెచ్చేది. పెండ్లయిన కొత్తల మంచుకొండ సినిమాకు రెండు టికెట్లు తెచ్చిండు. నాకు తలనొప్పి అన్న. దానికే ఇంకోసారి తెచ్చిండు, మల్ల తలనొప్పి అన్న. మూడోసారి టికెట్లు తేలే, పాటల పుస్తకం తెచ్చి మంచం మీద పెట్టిండు. అప్పటి సంది ప్రతి సినిమాకు పుస్తకం తెస్తడు. ఆయన కూడ సినిమాలు మానిండు. నా ఎంబడి బయటికి వచ్చుడు ఈమెకు ఇష్టం లేదు అనుకున్నడేమో, అడుగలే. నేను చెప్పలే.

మీ అన్న గేటు కాడ ఉంటడని నాకు ఎర్కనే. నువ్వే రాస్తివి. గేటు దాక పోతే లోపటికి పోకుండ ఆగనని భయమాయె. ఆయనను చూస్తే ఇంటికి వాపసు రానేమోనని కూడ భయమాయె. నాకు మీ అన్న అంటే మనసుండె. గిది ఆయనకు ఎన్నడు చెప్పలే, నీకు చెప్పలే. ఆయనకు తెలుగు చదువ రాదు గన్క ఇంత ధైర్యంగ రాస్తున్న. ఆయనకు చెప్పకు, రబియా సంసారం పాడైతది.

ఒక్క సాయం చెయ్యి. మొక్కు బయటపెట్టిన కాబట్టి నాకు బుగులైతున్నది. నెల దినాలు ఆయనను లారీ ఎక్కనియ్యకు. ఏదో ఒకటి చెప్పి ఆపు.

సుగుణ


భూపాలపల్లి
19 జూన్ 1983

సుగుణా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు అన్న మా ఇంట్లనే ఉండె. డేరా టాకీసుకు డబ్బ తెచ్చి, అన్నం తింటుండె. నీకు ఎన్నడు చెప్పలేదు గని, నీ ఉత్తరాలు మొదటి నుంచి నేను ఆయనకు చదివి వినిపిస్తున్న. నంబర్లు ఒక్కటే కాదు, మొత్తం. ఆయనే అడిగేటోడు, సుగుణమ్మ ఏం రాసిందో చదువమని. ఆ దినం కూడ కవరు చింపిన, కోపంగ గట్టిగ చదువ మొదలు పెట్టిన. తప్పు ఒప్పుకుంటది, అన్న కూడ వింటడు అనుకున్న. చిల్పూరు గుట్ట కాడికి వచ్చినంక నా నోరు ఆగింది. ఆయన "చదువు" అన్నడు. నేను చదువ అంటి. మల్ల "చదువు సఫియా" అన్నడు. మొత్తం చదివిన. చెప్పకు అన్న మాట కూడ చదివిన. అప్పటికి అయిపోయింది.

అన్నం పళ్లెం పక్కకు పెట్టి చెయ్యి కడుక్కున్నడు. తర్వాత "నా పానం కోసం ఆమె సినిమాలకు కండ్లు మూసుకుంటే, నేను ఆమె మీద కోపం పెట్టుకొని పెండ్లి చేస్కున్న" అన్నడు. మా అన్న ఏడ్సుడు నేను అబ్బ పోయిననాడు చూసిన, మల్ల ఆ దినం చూసిన.

లారీ ఎక్కద్దంటే వినలే. తెల్లారి డబ్బ ఎంబడి పోయిండు. వారానికి చిల్పూరు పోయిండట. గుట్ట ఎక్కి అయ్యగారిని దొరకవట్టి, నా కోసం ఒకామె మొక్కింది, నేను బతికి ముప్పై నాలుగేండ్లోన్నైన, ఇద్దరు పిల్లల తండ్రినైన, ఆమెను ఇడిసిపెట్టుమని దేవునికి చెప్పుండ్రి అని అడిగిండట. అయ్యగారు కొబ్బరికాయ కొట్టి, ఎవని కోసం మొక్కిన్రో వాడే వచ్చి బతికున్న అని చెప్పినంక దేవుడు ఇంకేం పట్టుకుంటడు, మొక్కు తీరింది పో అన్నడట. అయ్యగారు ఇచ్చిన పసుపు, కుంకుమ గీ కవర్ల పెట్టి పంపుతున్న.

ఆయన మాట ఒకటి చెప్పుమన్నడు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్న. సంక్రాంతికి పదోది వస్తదట. మానుకోట డ్యూటీ ఆయనకే. "డబ్బ నేనే తెస్త, గేటు కాడ మాత్రం నిలబడ. మిషన్ రూముల ఉంట. ఆమెను జైపాల్ ఎంబడి వచ్చి నిమ్మళంగ చూడుమను" అన్నడు.

నా సంగతి ఏం రాయాలె. ఉచ్చు పెట్టిన, వారం నవ్వుకున్న. నా దోస్తు ఎనిమిదేండ్ల కింద అబద్ధం రాసిందని పట్టుకున్న, ఎందుకు రాసిందని ఒక్కసారి అడుగలే. అప్పుడు అడిగితే అన్నకు ఇంకా పెండ్లి కాలే. నీకు అయింది, నిజమే, చేసేది ఏం లేకుండె. గని ఆయన అన్ని ఏండ్లు గేటు కాడ నిలబడకపోతుండె. నన్ను మాఫ్ చెయ్యి. చేయకున్నా రాయి.

సఫియా


గూడూరు
22 జనవరి 1984

సఫియా,

చూసిన. ఈసారి నిజంగనే చూసిన.

జైపాల్‌కు నేనే చెప్పిన, పదోది వచ్చింది, పోదమా అని. చెప్పులు ఇడుస్తున్నోడు అట్లనే నిలబడ్డడు. నీకు తలనొప్పి వస్తది గద అన్నడు. రాదు అన్న. ఎందుకు అన్నన్నేండ్లు వచ్చిందో చెప్పుదామని నోటి దాక వచ్చింది. చెప్పలే. ఇంకొకల కోసం మొక్కిన మొక్కు గీయనకు ఏమని చెప్పాలె.

శనివారం మాట్నీకి బాల్కని టికెట్లు తెచ్చిండు. లోపటికి పోతు లేడీస్ గేటు దిక్కు చూసిన. ఎవరో ముసలాయన చింపిన టికెట్లు ఏరుతుండు. మీ అన్న మాట మీద నిలబడ్డడు. మిషన్ రూము దిక్కు నేను తిరిగి చూడలే, ఒట్టు. ఆయన సల్లగ ఉంటే చాలు.

సినిమా సంగతి అడగకు. పదిహేనేండ్లకు తెర మీద బొమ్మ చూస్తే కండ్లల్ల నీళ్లొచ్చి సగం కనబడలే. నళినీకాంత్ ముసలోడైండు, పొట్ట వచ్చింది. వాడు గోడ దునుకుతుంటే ప్యాంటు చిరిగే సీను ఒకటి ఉన్నది. అప్పుడు నా పక్కన ఒకలు పడిపడి నవ్వవట్టిన్రు. కుర్చీ ఊగేటట్టు, తొడ మీద చరుసుకుంట. ఎవరా అని చూస్తే జైపాల్. పన్నెండేండ్లల్ల ఆ మనిషి గట్ల నవ్వంగ నేను చూడలే. ఇంట్ల మాట తక్వ, ఆయన తీరే గంత అనుకున్న. నీకు కూడ గట్లనే రాసిన.

నేను చూస్తున్న అని ఎర్కైనంక నవ్వు ఆపుకున్నడు. ఇంటర్వెల్ల సోడా తెచ్చిచ్చి, నెమ్మదిగ చెవి కాడ అడిగిండు, "తల నొస్తున్నదా, నొస్తే చెప్పు, ఇంటికి పోదం" అని.

లేదు, ఆఖరు దాక ఉందం అన్న. సోడా సగం తాగి, మిగిలింది ఆయన చేతికే ఇచ్చిన, సఫియా.

సుగుణ